‘చిన్నదే గదా’ అన్నప్పుడు తప్పే లెక్క

హన్మకొండలో ఇల్లు కట్టించే కాంట్రాక్టరైనా, మడికొండ ఐటీ పార్కు దగ్గర ఇద్దరు ముగ్గురితో నడిచే సాఫ్ట్‌వేర్ సంస్థ అయినా, వరంగల్ కొత్తవాడలో దర్రీలు (జంపఖానాలు) నేయించే ఆసామి అయినా క్లయింటుతో మాట తేడా వచ్చేది మొదట కుదిరిన బేరం మీద చాలా అరుదు. ఆ బేరం నాలుగు సార్లు మాట్లాడుకుని, బయానా ఇచ్చి పుచ్చుకుని ఖాయం చేసుకున్నదే. గొడవంతా పని నడుస్తుండగా ఫోన్‌లో ఒకటి, చాయ్ దగ్గర ఒకటి చొప్పున కలిసిన పనుల మీద వస్తుంది. చివరి బిల్లు నాడు ఒకరు ‘ఇంత ఎక్కువ చేసినం’ అంటారు, ఇంకొకరు ‘ఇవన్నీ అందులోయే గదా’ అంటారు. ఇద్దరూ నిజమనుకునే అంటారు.

క్లయింటు మధ్యలో మార్పు అడగడాన్ని తప్పుగా చూడాల్సిన పనిలేదు. మార్పు అడిగిన గడియకూ అది చేయడం మొదలుపెట్టిన గడియకూ మధ్య ధర, గడువు మాట్లాడకుండా వదిలేయడం వల్లే నష్టం వస్తుంది. చిన్న సంస్థల్లో ఆ మౌనానికి కారణం మొహమాటం. పని ఇచ్చిన మనిషి తెలిసినవాడో, తెలిసినవాడు పంపినవాడో అయి ఉంటాడు. ఐదు వేల పనికి లెక్క చెబితే ఏమనుకుంటాడోనని ఊరుకుంటారు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణానికి పద్దుల సాఫ్ట్‌వేర్ తయారవుతోందనుకుందాం. రైతు సరుకు తెస్తాడు, లాటు నంబరు పడుతుంది, ధర ఖాయమయ్యాక దడ్వాయి తూకం వేస్తాడు, హమాలీ ఖర్చులూ మిగతా కోతలూ తీసేసి, రైతుకు వచ్చే సొమ్ము చూపే తక్‌పట్టీ రాసిస్తారు. ఒక లాటుకు ఒక రైతు, ఒక పట్టీ. ఒప్పందం రాసుకున్న రోజు చెప్పింది ఇదే. పని సగమయ్యాక యజమాని ఫోన్ చేస్తాడు. “తమ్మీ, ఒక్కోసారి ఇద్దరు రైతులు కలిసి ఒకే బండిల తెస్తరు. లాటు ఒకటే పడ్తది, పట్టీలు రెండు రావాలె. గిదొక్కటి కలిపియ్యి, చిన్నదే గదా.” “సరే సేట్, చూస్తా.”

యజమానికి తెర మీద కనిపించేది ఒక గడి పెరగడమే. లోపల జరిగేది వేరు. తూకాన్ని ఇద్దరికీ బస్తాల లెక్కన పంచాలా, కిలోల లెక్కన పంచాలా? కిలోల లెక్కయితే సగం సగం పోయే గ్రాములు ఎవరి ఖాతాలో పడాలి? హమాలీ బస్తాకు ఇంత అని ఉంటే, ఇద్దరి సరుకూ కలిసిన చివరి బస్తా ఖర్చు ఎవరిది? ఇద్దరిలో ఒకరు విత్తనాలప్పుడు అదే దుకాణంలో అడ్వాన్సు తీసుకుని ఉంటే, ఆ బాకీ అతని పట్టీలోనే తెగాలి, రెండోవాడి డబ్బు జోలికి పోకూడదు. మార్కెట్ కమిటీకి ఇచ్చే లెక్క లాటు వారీగా ఉంటుంది గనుక రెండు పట్టీలూ కలిపితే లాటు మొత్తం పైసాతో సహా సరిపోవాలి. ఒక పట్టీ రద్దు చేస్తే రెండోది నిలవాలా, లాటంతా తిరిగి రాయాలా? అన్నిటికంటే పెద్ద చిక్కు అడుగున ఉంటుంది. లాటు నంబరు తెలిస్తే రైతు తెలిసినట్టే అన్న నమ్మకం మీద ఆ సాఫ్ట్‌వేర్ మొత్తం నిలబడి ఉంది. ఆ నమ్మకం పోయాక, అప్పటిదాకా బాగా నడిచిన ప్రతి నివేదికనూ మళ్లీ పరీక్షించి చూడాల్సిందే.

అందుకే మార్పు ఖరీదు దాని సైజును బట్టి ఉండదు, అది ఎక్కడ తగులుతుందన్నదాన్ని బట్టి ఉంటుంది. పట్టీ మీద దుకాణం పేరు అక్షరాలు పెద్దవి చేయమంటే పది నిమిషాల పని. లాటును చీల్చమంటే రోజుల పని. అడిగేవాడికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. తేడా చెప్పాల్సిన బాధ్యత చేసేవాడిదే, ఎందుకంటే ఆ తేడా అతనికొక్కడికే కనిపిస్తుంది.

లెక్క వేసి చూస్తే ఇది ఎంత త్వరగా ముంచుతుందో తెలుస్తుంది. 90,000 రూపాయలకు 45 పనిదినాల పని ఒప్పుకున్నారనుకుందాం. జీతాలు, అద్దె, కరెంటు, ఇంటర్నెట్ కలిపి రోజుకు 1,600 ఖర్చయితే మొత్తం 72,000. మిగిలేది 18,000. మధ్యలో కలిసిన ‘చిన్న’ పనులు 12 రోజులు తిన్నాయంటే 19,200 పోయినట్టు. మిగులంతా పోయి చేతి నుంచి 1,200 పడింది. ఆ 12 రోజుల్లో ఏ ఒక్క పనీ పెద్దది కాదు. ఏ ఒక్కటీ ‘దీనికి ఎక్కువ అడగాలి’ అనిపించేంతది కాదు. కొత్త సంస్థలు చాలావరకు పెద్ద మార్పుల్ని బాగానే ఎదుర్కొంటాయి, ఎందుకంటే వాటి గురించి ఎలాగూ కూర్చుని మాట్లాడుకుంటారు. నష్టం తెచ్చేవి ఎవరూ రాసిపెట్టని ఇలాంటి పనులే.

ఇక్కడ క్లయింటు వైపు నుంచీ చూడాలి. ఇద్దరు రైతుల సంగతి యజమాని మొదటే ఎందుకు చెప్పలేదంటే, దాచిపెట్టి కాదు. ఇరవై ఏళ్లుగా ఆ పని చేత్తో చేస్తున్నాడు. రెండో పట్టీ రాసేటప్పుడు అతనికి అదొక ప్రత్యేక సందర్భమన్న స్పృహే ఉండదు. తెర మీద నమూనా చూసిన రోజు, తన రోజువారీ పనిలో ఏది అందులో లేదో మొదటిసారి తెలుస్తుంది. ఇల్లు కట్టించుకునేవారిదీ అంతే. కాగితం మీద పది బై పన్నెండు అన్న గది, గోడలు లేచాక లోపల నిలబడి చూస్తేగానీ మంచం పట్టదని తెలియదు. కాబట్టి మార్పులు రాకుండా చేయడం ఎవరివల్లా కాదు, అవి ముందే బయటపడేలా చేయడం మాత్రం సాధ్యమే. అడ్తి దుకాణం పని ఒప్పుకునే ముందు సరుకు బాగా వచ్చే రోజున పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ గద్దె పక్కన కూర్చుంటే, ఒప్పంద పత్రంలో లేని సగం సంగతులు కళ్లముందే జరుగుతాయి. ‘మీ పని ఎలా నడుస్తుంది’ అని అడిగితే రోజూ జరిగేదే చెబుతారు. ‘ఏడాదికి నాలుగైదు సార్లే వచ్చే చిక్కులేంటి, అప్పుడేం చేస్తారు’ అని అడిగితే అసలు సంగతి వస్తుంది.

ప్రతి చేతిపనిలోనూ ఒక దశ దాటితే వెనక్కి తిరగడం కుదరని చోటు ఉంటుంది. దాన్ని క్లయింటుకు ముందే చూపించడం మంచి పనివాడి లక్షణం. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలనే తీసుకుంటే, నూలుకు రంగు అద్దకముందు ఏ రంగైనా మార్చుకోవచ్చు. అద్దాక ఆ నూలు ఇంకో ఆర్డరుకు పనికొస్తే కొంత నష్టంతో బయటపడొచ్చు. మగ్గం మీద పడుగు (నిలువు దారాలు) ఎక్కాక వెడల్పు పెంచమంటే మాత్రం అది మార్పు కాదు, కొత్త ఆర్డరు. పేక (అడ్డం దారాలు) రంగు అప్పటికీ మార్చవచ్చు, నేసినంత మేర మాత్రం పోయినట్టే. ఈ నాలుగు మాటలూ ఆర్డరు కాగితం వెనక రాసి ఇస్తే చాలు, ‘ఇంకా మొదలే కదా’ అన్న వాదన రాదు.

ఇంటి పనిలో ఆ చోటు స్లాబ్. పైకప్పులో పోయే కరెంటు పైపులు, ఫ్యాన్ పెట్టెలు కాంక్రీటు పోయకముందే కూర్చోవాలి. ఆ రోజు ఇంటావిడను సెంట్రింగ్ మీదికి పిలిచి ‘అమ్మా, ఫ్యాను ఇక్కడ, లైటు ఇక్కడ, చూసుకోండి’ అని చూపిస్తే అరగంట పడుతుంది. పిలవకపోతే, ఆ తర్వాత ఫ్యాను రెండడుగులు జరపాలన్నా పైన గాడి కొట్టాలి, కమ్మీ తగలకుండా చూసుకోవాలి, లేదంటే బయటి పైపు వేసి అందం పాడుచేసుకోవాలి. అన్నిటికంటే ఖరీదైన మార్పు మన దగ్గర వాస్తు వల్ల వస్తుంది. ప్లాను గీసేటప్పుడు పిలవని పెద్దమనిషి గోడలు లేచాక వచ్చి మెట్లు ఇటు ఉండకూడదంటాడు. వాస్తు మీద ఎవరి నమ్మకం వారిది, దాన్ని కాంట్రాక్టరు ప్రశ్నించాల్సిన పనిలేదు. కానీ ‘మీ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాళ్లందరూ ఈ ప్లాను చూశారా’ అని సంతకానికి ముందే అడగడం అతని పనే. చూసిన ప్రతి ఒక్కరి సంతకం ప్లాను మీద పెట్టించడం ఇంకా మంచిది. మెట్లు మార్చడమంటే గోడ పగలగొట్టడమొక్కటే కాదు. బీములు, పిల్లర్ల మీద బరువు మారుతుంది గనుక స్ట్రక్చరల్ ఇంజనీరు మళ్లీ చూడాలి. అనుమతి పొందిన ప్లానుకు భిన్నంగా కడితే సవరణ అనుమతీ తీసుకోవాలి.

మరి మార్పు అడిగినప్పుడు ఏం చేయాలి? అక్కడికక్కడ ‘సరే’ అనకూడదు, ‘కుదరదు’ అని కూడా అనకూడదు. ఆ రోజు సాయంత్రంలోగా లెక్క పంపుతామని చెప్పి, పంపాలి. అడ్తి దుకాణం ఉదాహరణకు అలాంటి సందేశం ఇలా ఉండొచ్చు:

“సేట్, పొద్దున మీరు చెప్పిన పని, ఒక లాటుకు రెండు పట్టీలు: 9 రోజులు, 18,000 రూపాయలు. ఇది ఇప్పుడే మొదలుపెడితే బ్యాంకు చెల్లింపుల భాగం 15వ తేదీకి కాకుండా 26కు వస్తుంది. ఇప్పుడు వద్దనుకుంటే మిర్చి సీజన్ అయినంక చేద్దాం, అప్పటిదాకా రెండో రైతు పట్టీ చేత్తో రాసుకోవచ్చు. మీరు సరే అన్నాకే మొదలుపెడతం.”

ఇందులో ధర కంటే ముఖ్యమైంది రెండో వాక్యం. ఈ పని లోపలికి వస్తే ఏ పని వెనక్కి పోతుందో అది చెబుతుంది. ధర ఒక్కటే చెబితే క్లయింటు బేరమాడతాడు, అది సహజం. వెనక్కి పోయే పని చెబితే తనకు ఏది ముందు కావాలో తనే తేల్చుకుంటాడు, చాలాసార్లు ‘అయితే తర్వాత చూద్దాం’ అంటాడు. 9 రోజుల పనికి 11 రోజుల జాప్యం చూపడం కూడా కావాలనే. మధ్యలో ఆదివారం ఉంటుంది, ఆపేసిన పనిని మళ్లీ అందుకోవడానికి ఒక రోజు పడుతుంది. పని చేసే గంటలు వేరు, క్యాలెండర్ రోజులు వేరు. గంటల లెక్క చూసి తేదీ ఇచ్చేవాళ్లు ప్రతిసారీ మాట తప్పినవాళ్లవుతారు. సీజన్ తర్వాత చేద్దామన్న మాట కూడా ఊరికే రాయలేదు. యార్డులో మిర్చి బస్తాలు గుట్టలు పడే రోజుల్లో పట్టీల సాఫ్ట్‌వేర్‌లో చేయి పెట్టడమంటే దుకాణం పరువుతో ఆడుకోవడమే.

మార్పులన్నిటికీ డబ్బు అడగాలని కాదు. ఒప్పందంలో ఉన్నదాన్ని చేసేవాడు తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దే ఖర్చు అతనిదే, అందులో వాదన లేదు. ఇద్దరూ ఊహించనిదైతే చెరిసగం పెట్టుకోవడం న్యాయం. కొత్త కోరిక అయితేనే పూర్తి ధర. మంచి సంబంధం కోసం ఉచితంగా చేయాలనిపిస్తే చేయొచ్చు, కానీ అదీ కాగితం మీద కనిపించాలి. బిల్లులో ‘రెండో లోగో నమూనా: 2,500’ అని రాసి కిందనే ‘మినహాయింపు: 2,500’ అని రాస్తే, క్లయింటు తనకు అందిన మేలును గుర్తిస్తాడు. ఏమీ రాయకపోతే అది అతని హక్కయి కూర్చుంటుంది, నాలుగోసారి అడిగిన డబ్బు అన్యాయంలా కనిపిస్తుంది. మొదటి మార్పును ఎలా చూశారో మిగతా ప్రాజెక్టంతా అలాగే నడుస్తుంది.

సాఫ్ట్‌వేర్ రంగంలో దీనికి ఒక ఎదురు వాదన వినిపిస్తుంది: ‘అజైల్ (పనిని చిన్న విడతలుగా చేస్తూ పోయే పద్ధతి) అంటేనే మార్పును ఆహ్వానించడం కదా?’ 2001లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు కలిసి చేసిన అజైల్ ప్రకటన, పని చివరి దశలో వచ్చిన మార్పునైనా స్వాగతించమనే చెబుతుంది. కానీ ఆ పద్ధతి పని చేసిన కాలానికి డబ్బు వచ్చే చోట హాయిగా నడుస్తుంది. మొత్తం పనికి ఒకే ధర మాట్లాడుకుని, లోపల మాత్రం ఎన్ని మార్పులైనా చేసుకోవచ్చంటే ఆ భారమంతా చిన్న సంస్థ మీదే పడుతుంది. ఒకే ధర కావాలంటే పనుల జాబితా స్థిరంగా ఉండాలి. జాబితా మారుతూ ఉండాలంటే నెలకింత అనో, రెండు వారాలకింత అనో మాట్లాడుకోవాలి.

చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికంటే స్పష్టంగా ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 62 ప్రకారం ఇద్దరూ ఒప్పుకుంటే ఒప్పందాన్ని మార్చుకోవచ్చు, మార్చుకున్నాక పాతదాన్ని నెరవేర్చాల్సిన పనిలేదు. ఒక్కరే మార్చడం కుదరదు. సెక్షన్ 70 ఇంకా పనికొస్తుంది: ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా చేసిన పని ఫలాన్ని రెండోవారు అనుభవిస్తే, దానికి పరిహారం ఇవ్వాలి. అయితే ఆ ఉద్దేశం లేదని నిరూపించాల్సి వచ్చేసరికి, ఏమీ రాయకుండా చేసిన పనికి ఆధారం దొరకదు. క్లయింటు ఇవ్వాల్సిన సమాచారమో, అనుమతో, చోటో ఇవ్వకపోవడం వల్ల పని ఆగితే, ఆ మేరకు పని చేయలేకపోయినందుకు చేసేవాడి తప్పు లేదని సెక్షన్ 67 అంటోంది. అందుకే ‘ఫొటోలు ఇంకా రాలేదు, వచ్చిన రోజు నుంచి ఏడు రోజులు లెక్క’ అన్న ఒక్క లైను సందేశానికి చాలా విలువ ఉంది.

ఆ సందేశం వాట్సాప్‌లో ఉన్నా ఫర్వాలేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ రికార్డులను సాక్ష్యంగా ఒప్పుకుంటుంది, సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జతచేయాలి. ఫోన్ మార్చినప్పుడు చాట్‌లు పోకుండా దాచుకోవడం, వాటంతట అవే చెరిగిపోయే సెట్టింగ్ ఆపేయడం అవసరం. ఫోన్‌లో మాట్లాడింది ఎక్కడా మిగలదు గనుక, మాట్లాడిన పది నిమిషాల్లో దాన్నే రెండు ముక్కల్లో రాసి పంపే అలవాటు కావాలి.

పని అప్పగించాక వచ్చే మార్పుల సంగతి మరింత ఇబ్బంది. ‘ఇంకో రెండు సరిచేస్తే డబ్బు ఇస్తా’ అంటూ నెలలు గడుస్తాయి. కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ఇక్కడ అండగా ఉంటుంది. సరుకో సేవో అందిన 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, అదీ నెలనెలా కలిసేది. క్లయింటు మీద కేసు వేయమని కాదు. అప్పగించిన తేదీని రాతలో పెట్టి, ‘అభ్యంతరాలుంటే 15 రోజుల్లో రాసి పంపండి’ అని గౌరవంగా అడిగితే చాలా పనులు అక్కడే తెగుతాయి.

ఎవరూ అడగకుండా వచ్చి పడే మార్పులు వేరే జాతి. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన కురిసింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి మునిగింది, వరంగల్, హన్మకొండల్లో కాలనీలు నీళ్లలో ఉన్నాయి. 2024 సెప్టెంబరు 1న కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర కొట్టుకుపోయి కాజీపేట–విజయవాడ మార్గం రోజుల తరబడి ఆగింది. ఇలాంటివాటికి ఒప్పందంలో ఒక నిబంధన ఉండాలి: ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులు గడువు పెరుగుతుంది, అప్పటిదాకా చేసిన పనికి డబ్బు ఆగదు. అదే వాక్యంలో మేడారం జాతరను, దసరాను, వరి నాట్లకు కూలీలు పోయే రోజులను కలిపేయడం మాత్రం న్యాయం కాదు. అవి క్యాలెండర్‌లో ఉన్నవే, గడువు ఇచ్చేటప్పుడే తీసేయాల్సిన రోజులు. వానాకాలంలో గోదావరి ఇసుక దొరకడం కష్టమవుతుందని తెలిసీ శ్రావణంలో ప్లాస్టరింగ్ ఒప్పుకుని, తర్వాత ఇసుక లేదనడమూ అంతే.

పన్నులదీ ఇదే తీరు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. సామానుతో సహా చదరపు అడుగుకు ఇంతని పాత పన్ను ఉన్నప్పుడు మాట్లాడుకున్న ఇళ్లలో ఆ తగ్గిన సొమ్ము ఎవరిది? ఒప్పందంలో ఏమీ లేకపోతే ఇద్దరూ తమదే అంటారు. ‘ధరలు, పన్నులు ఇంత శాతం దాటి పెరిగినా తగ్గినా తేడా యజమానిది’ అని రాసుకుంటే, పెరిగినప్పుడు అడిగే హక్కు, తగ్గినప్పుడు ఇచ్చే బాధ్యత రెండూ ఉంటాయి. పెరిగినప్పుడు మాత్రమే గుర్తొచ్చే నిబంధనను ఎవరూ నమ్మరు.

ఇంత జాగ్రత్త పడ్డా తట్టుకోలేని మార్పు ఒకటుంది, ఉన్న ఒక్క క్లయింటే మనసు మార్చుకోవడం. సిరిసిల్ల మరమగ్గాలకు 2017 నుంచి బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డరు పెద్ద ఆసరాగా ఉండేది. 2024లో ఆ చీరల పంపిణీ లేకపోయేసరికి పట్టణమంతా పని కోసం ఎదురుచూసింది. ఆర్డరిచ్చేవారు ఎవరైనా, ఎంత మంచివారైనా, సగానికి మించిన ఆదాయం ఒక్కచోటి నుంచే వస్తుంటే, ఏ మార్పుకూ ధర చెప్పే ధైర్యం ఉండదు. సాయంత్రం లెక్క పంపే అలవాటు కావాలన్నా వెనక ఇంకో రెండు పనులు ఉండాలి.

చివరగా, మార్పు అడిగే మనిషే మారిపోయే సందర్భం. అడ్తి దుకాణంలో తండ్రి చోట కొడుకు కూర్చుంటాడు, కంపెనీలో మేనేజరు బదిలీ అవుతాడు. కొత్తవారికి పాత మాటలేవీ తెలియవు, తెలుసుకోవాలన్న తొందరా ఉండదు. ఆ వారంలోనే ఒక గంట అడిగి తీసుకుని, ఇప్పటిదాకా ఒప్పుకున్న మార్పుల జాబితాను, వాటిలో చెల్లించినవి, మిగిలినవి తేదీలతో సహా వారి ముందు పెట్టి, చదివాక సంతకమో సందేశమో తీసుకోవాలి. అంతవరకు ఏ కొత్త పనీ మొదలుపెట్టకపోవడం ఉత్తమం. ఆ జాబితా చూసి కొత్త మనిషి కొన్నింటిని వద్దనవచ్చు. అప్పటికే చేసినవాటికి డబ్బు, చేయనివాటికి రద్దు అని అదే రోజు రాసుకుంటే సరిపోతుంది.